బుధవారం పొడి చెత్త

బుధవారం మధ్యాహ్నం రెండూ పది. గేటు పక్కన నీలం డబ్బా ఉంది. నీలం డబ్బా పక్కన మా తోడల్లుడు ఉన్నాడు. రెంటిలో దేన్ని చూసి నాకు ఎక్కువ కంపరం పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను.

"ఎండలో ఎందుకు శ్రమపడి వచ్చారన్నయ్యగారూ?" అన్నాడు. "కేసు అయిపోయింది."

ఇతను పోలీసు ఇన్‌స్పెక్టరు, మా మామగారి చిన్నల్లుడు. నేను పెద్దల్లుణ్ణి, ప్రైవేటు డిటెక్టివుని. నేను డిపార్టుమెంటులో ఉన్న రోజుల్లో నా దగ్గరే పని నేర్చుకున్నాడు. నేను ఉద్యోగం వదిలేసి బయటికొచ్చాను, అతను మెట్లెక్కి పైకెళ్ళాడు. మామగారి హాల్లో అతని పేపరు కటింగులు నాలుగు ఫ్రేములు కట్టి ఉన్నాయి. నాది పెళ్ళినాటి ఫోటో ఒకటుంది. అందులో నా మొహానికి పురోహితుడి చెయ్యి అడ్డమొచ్చింది. మా ఆవిడ "పోనిద్దురూ" అంటుంది. పోనివ్వడం నాకు చేతకాదు. కుళ్ళు అనేది ఒకసారి పట్టిందంటే ఆకలిలా పూటపూటకీ గుర్తు చేస్తూనే ఉంటుంది.

"అయిపోయిన కేసుకి డబ్బా దగ్గర కాపలా ఎందుకు తమ్ముడూ?" అన్నాను.

"కాపలా కాదు. ల్యాబు వాళ్ళు వస్తున్నారు. అయిదింటికి చిన్నకోడల్ని మేజిస్ట్రేటు ముందు పెడతాను. మీకు ఫీజు ఇస్తానన్నది ఆవిడే కదా, పాపం."

సంగతి ఇది. ఒక మేడ ఇల్లు. పైన పెద్దకొడుకు, అతని భార్య. కింద చిన్నకొడుకు, అతని భార్య. చిన్నకొడుక్కి ఓడలో ఉద్యోగం, రేపు గాని ఒడ్డుకి రాడు. తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. కారణం ఆస్తి కాదు, అత్తగారూ కాదు. చెత్త.

ఆ వీధిలో చెత్తకి ఉన్నన్ని రూల్సు కోర్టుక్కూడా లేవు. తడి చెత్త ఆకుపచ్చ డబ్బాలో, రోజూ పొద్దున్న. పొడి చెత్త నీలం డబ్బాలో, బుధవారం మాత్రమే. బ్యాటరీలు, బల్బులు, మందులు ఎర్ర డబ్బాలో, నెలకోసారి. ప్రతి డబ్బా మీదా వాటా నంబరు. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో వేస్తే బండి తోసే ఆవిడ గేటుకి ఎర్ర చీటీ అంటిస్తుంది. మూడు చీటీలు పడ్డాయంటే వారంపాటు ఆ గుమ్మం ముందు బండి ఆగదు. అన్నీ సరిగ్గా చేసినవాళ్ళకి ఆకుపచ్చ బోర్డు. ఈ ఇంటికి ఒకటే గేటు, రెండు స్తంభాలు. ఎడమ స్తంభానికి పెద్దకోడలి ఆకుపచ్చ బోర్డు, పదకొండు నెలలుగా. కుడి స్తంభానికి చిన్నకోడలి ఎర్ర చీటీలు.

మంగళవారం సాయంత్రం అయిదూ ఇరవైకి చిన్నకోడలు ఫ్లాస్కులో టీ పోసి పైకి పంపింది. అయిదున్నరకి పెద్దకోడలు తాగింది. అయిదూ యాభైకి పడిపోయింది. ఆరుంబావుకి ఆసుపత్రిలో చేర్చారు. ఫ్లాస్కు అడుగున మొక్కలకి కొట్టే పురుగుల మందు దొరికింది. బుధవారం పొద్దున్న ఆరూ నలభైకి బండి ఆవిడ చిన్నకోడలి నీలం డబ్బా మూత తీస్తే పైనే ఆ మందు బాటిల్.

తోడల్లుడు ప్లాస్టిక్ కవరులో ఉన్న బాటిల్ని నాకు చూపించాడు. చూపించడం కూడా కొత్త కారు చూపించినట్టు చూపించాడు. "అసూయ అన్నయ్యా. మనిషిని ఎంతకైనా దిగజారుస్తుంది." అలా అంటూ నా కళ్ళలోకి చూశాడు.

నేను బాటిల్ వైపు చూశాను. అరచేతి పొడవు తెల్లటి బాటిల్. లేబుల్ మీద పుర్రె బొమ్మ చెక్కు చెదరలేదు. లోపల శుభ్రంగా కడిగి ఉంది. మూత లేదు. మూత కింద మెడకి పట్టి ఉండే సన్నటి రింగు కూడా లేదు. మెడ మీద కత్తెర మొన గీసిన గీత ఒకటి కనిపించింది. ఫోనులో రెండు ఫోటోలు తీసుకున్నాను.

"మూతేది?"

"ఎక్కడో పారేసి ఉంటుంది."

"కడిగిందెవరు?"

"వేలిముద్రలు పోవాలని తనే కడిగింది."

"వేలిముద్రల కోసం కడిగిన మనిషి పుర్రె బొమ్మ ఉంచేసిందా? అదీ తన డబ్బాలో, తన నంబరు కింద, పొద్దున్నే బండి ఆవిడ తెరిచి చూస్తుందని తెలిసి?"

"తెలివైనవాళ్ళు నేరాలు చెయ్యరన్నయ్యా. మీరే కదా నేర్పారు."

నిజమే, నేనే నేర్పాను. నా పాఠం నాకే అప్పజెప్పేసరికి ఒళ్ళు మండింది. మంటలో నోటికొచ్చిన మాట అనేశాను.

"అంత నమ్మకం ఉన్నవాడివి ఆసుపత్రిలో ఆవిడ గది ముందు కానిస్టేబుల్ని ఎందుకు కూర్చోబెట్టావు? నేరస్తురాలు ఇక్కడుంటే అక్కడ కాపలా ఎవరి మీద? నీ కేసు మీద నీకే అనుమానమా?"

పక్కనే ఉన్న ఇద్దరు కానిస్టేబుళ్ళు నేల చూపులు చూశారు. అతను ఫోను తీసి నా ఎదురుగానే ఆసుపత్రిలో ఉన్నవాణ్ణి స్టేషనుకి వచ్చెయ్యమన్నాడు. "ఇప్పుడు తృప్తేనా?"

తృప్తే. అతన్ని నలుగురిలో గుచ్చగలిగాను. పొద్దుటి నుంచి మొదటిసారి నాకు హాయిగా అనిపించింది.

*

చిన్నకోడలు వంటింట్లో స్టూలు మీద కూర్చుని ఉంది. గుమ్మంలో లేడీ కానిస్టేబుల్. సింకులో రెండు రోజుల గిన్నెలు. ముప్పై ఏళ్ళుంటాయేమో, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. నోరు మాత్రం తగ్గలేదు.

"నిజం చెప్పమ్మా. మీ అక్కంటే నీకు కుళ్ళా?"

"కుళ్ళే," అంది వెంటనే. "ఇన్‌స్పెక్టరు గారికీ అదే చెప్పాను. ఆ బోర్డు చూస్తే నాకు కడుపు మండిపోయేది. ఒకసారి దాన్ని గోడవైపు తిప్పేశాను కూడా. నేను డబ్బా బయట పెడితే అక్క మేడ మీంచి తొంగి చూసి ముక్కు చిట్లించేది. చెత్తలో కూడా నా చెత్త తక్కువ రకం అన్నట్టు! కుళ్ళుకోక ఏం చేస్తాను? కానీ సార్, కుళ్ళుకున్నవాళ్ళంతా మందు కలిపితే ఈ వీధిలో ఎవరు మిగులుతారు?"

ఆ ప్రశ్న నాకు బాగా నచ్చింది. నా సొంత కేసు ఎవరో వాదించినట్టుంది.

"మాటల్లేవుగా, మరి టీ ఎందుకు పంపావు?"

"బావగారు అడిగారు. అయిదింటికి దిగొచ్చి 'మీ అక్కకి తలనొప్పిగా ఉందమ్మా, నేను పెడితే తాగదు' అన్నారు. ఇంటికొచ్చి అడిగితే లేదంటానా?"

"ఫ్లాస్కు పైకి పట్టుకెళ్ళిందెవరు?"

"ఆయనే."

అది నోట్సులో రాసుకున్నాను. రాసుకుని కూడా ఏం వెలగబెట్టానో ముందు ముందు తెలుస్తుంది.

"నీలం డబ్బా ఎన్నింటికి బయట పెట్టావు?"

"నిన్న రాత్రి తొమ్మిదింటికి. బావగారూ నేనూ ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చాం. ఆయన అక్క బట్టలు తీసుకోవడానికి పైకెళ్ళారు. నేను ఒక అట్టపెట్టె కాలితో తొక్కి డబ్బాలో పడేసి గేటు దగ్గర పెట్టాను. అప్పుడు పైన అట్టపెట్టె తప్ప ఏమీ లేదు సార్. ఒట్టు."

బాటిల్ దొరికింది అట్టపెట్టె మీద. అంటే తొమ్మిది తర్వాత వేశారు. ఆ మాట ఆవిడ అబద్ధమైనా చెప్పి ఉండచ్చు. డబ్బా అబద్ధం చెప్పదు కాబట్టి బయటికెళ్ళి పాత న్యూస్‌పేపరు పరిచి దాన్ని బోర్లించాను. తోడల్లుడు దూరం నుంచి చూసి నవ్వాడు. "ఈ వయసులో చెత్త ఏరుకోవడం ఏమిటన్నయ్యా?" అన్నాడు.

పాలు కారుతున్న ప్యాకెట్లు నాలుగు, అరటి తొక్కలు, ఒక చెప్పు, వాడేసిన బ్యాటరీ. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఎర్ర చీటీ వెయ్యచ్చు. నీళ్ళ బాటిళ్ళు ఏడు. ఏడింటికీ మూతలు బిగించి ఉన్నాయి. మెడల మీద రింగులూ ఉన్నాయి.

లోపలికొచ్చి అడిగాను. "బాటిల్ పారేసేటప్పుడు మూత తియ్యవా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మూత తీసి పారేస్తే మిగిలిన నీళ్ళు కారవూ? ఎవరైనా మూత పెట్టే పారేస్తారు."

"మునిసిపాలిటీ కాగితంలో మూత వేరు చెయ్యాలని ఉంది."

"ఆ కాగితం ఎవరు చదివారు సార్!"

*

పైవాటాకి వెళ్ళేసరికి రెండూ యాభై. తలుపు తీసింది పెద్దకోడలి భర్త. బడిలో డ్రాయింగు మాస్టారు. సన్నగా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, మాట్లాడితే ఎవరికైనా నిద్ర చెడుతుందేమో అన్నట్టు మెల్లగా మాట్లాడతాడు. నిన్న సాయంత్రం నుంచి ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతున్నాడు.

హాలు అద్దంలా ఉంది. గోడల నిండా ఆవిడే. సర్టిఫికెట్లు, శాలువా కప్పించుకుంటున్న ఫోటో, మైకు ముందు నిలబడ్డ ఫోటో, చెత్త డబ్బాల పక్కన నవ్వుతున్న ఫోటో. ఆయన ఎక్కడా లేడు.

"ఈ ఫోటోలన్నింటిలో మీరు కనపడరేం మాస్టారూ?"

"ఉన్నాను. ఫ్రేము బయట," అన్నాడు. "ఫోటో తీసేవాళ్ళు వస్తారు. 'కొంచెం పక్కకి జరగండి మాస్టారూ, అడ్డమొస్తున్నారు' అంటారు. జరుగుతాను. ఆవిడకి పేరొచ్చింది, మంచిదే కదండీ. నలుగురూ నన్ను 'ఫలానా ఆవిడ భర్త' అని పిలుస్తారు. ముప్పై ఏళ్ళు బడిలో బొమ్మలు నేర్పాను. నా పేరు ఎవరికీ తెలీదు."

ఆయన నవ్వుతూనే అన్నాడు. నా గుండె ఒక్కసారి ఆయన వైపు జారిపోయింది. ఫ్రేము బయట నిలబడ్డవాడి బాధ ఫ్రేము బయట నిలబడ్డవాడికే తెలుస్తుంది. ఎదురుగా కూర్చుని మా మామగారి హాలు గురించి చెప్పాను. పురోహితుడి చెయ్యి గురించి చెప్పాను. సాక్షిని అడగాల్సినవాణ్ణి సాక్షికి నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఇరవై రెండేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి!

"ఫ్లాస్కు పైకి తెచ్చింది మీరే కదా?" అన్నాను చివరికి, మొక్కుబడిగా.

"నేనే. పద్నాలుగు మెట్లు. ఒక చేత్తో ఫ్లాస్కు, ఒక చేత్తో రెయిలింగు. మందు కలపాలంటే మూడో చెయ్యి కావాలండీ."

ఇద్దరం నవ్వాం.

"మందు ఎక్కడ ఉండేది?"

"మెట్ల కింద అలమారులో. రెండు వాటాల మొక్కలకీ అదే. ఎవరైనా తీసుకోవచ్చు." కళ్ళజోడు సర్దుకున్నాడు. "చిన్నమ్మాయి ఇలా చేస్తుందనుకోలేదు."

"చెయ్యలేదు మాస్టారూ," అన్నాను. "సాయంత్రానికల్లా తేలిపోతుంది. డాక్టరుతో ఇందాకే ఫోనులో మాట్లాడాను. మీ ఆవిడకి గండం గడిచింది. సాయంత్రానికి మాట్లాడచ్చట. ఆవిడ నోరు విప్పిందంటే చాలు, మా తోడల్లుడి మొహం చూడాలి!"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏం చెబుతుందంటారు?"

"టీ ఎవరు పోసిచ్చారు, తాగేటప్పుడు దగ్గర ఎవరున్నారు, రుచి ఎలా ఉంది. అన్నీ."

"దేవుడి దయ," అన్నాడు. "అయితే నేను వెళ్ళాలండీ. కళ్ళు తెరిచేసరికి పక్కన ఉండాలి కదా. కానీ ఆ కానిస్టేబుల్ లోపలికి వెళ్ళనివ్వడానికి ప్రతిసారీ సతాయిస్తాడు."

"వాడు లేడిప్పుడు. నేనే తీయించాను," అన్నాను. గర్వంగానే అన్నాను.

మూడూ ఇరవై అయిదుకి ఆయన చేతిసంచిలో భార్య బట్టలు సర్దుకుని బయల్దేరాడు. "ఇల్లంతా చూసుకోండి, మాకు దాచుకునేదేముంది," అని తాళం చెవి నా చేతిలో పెట్టాడు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి నాకు నమస్కారం చేశాడు. మంచి మనిషి అనుకున్నాను.

*

మూడూ యాభైకి బండి ఆవిడ పైవాటాకి వచ్చింది. ఫోను చేసి నేనే రమ్మన్నాను. చేతులకి రబ్బరు తొడుగులు, మెడలో ఈల, నడుముకి ఎర్ర చీటీల కట్ట. ఆ వీధిలో ఇన్‌స్పెక్టరు కంటే ఆవిడకే జనం ఎక్కువ భయపడతారు.

"తొందరగా కానీండి సార్. వెనక వీధి మిగిలింది."

ఫోనులో బాటిల్ మెడ ఫోటో పెద్దది చేసి చూపించాను. ఆవిడ రెండు సెకన్లు చూసింది.

"ఇది చిన్నమ్మ చేతిపని కాదు."

"ఎలా చెప్తారు?"

"రింగు కోశారు కదా. మూత వేరే ప్లాస్టిక్కు, బాటిల్ వేరే ప్లాస్టిక్కు. రింగు కూడా మూత రకమే. కాబట్టి కోసి తియ్యాలి. చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది గానీ ఈ వీధి మొత్తం మీద ఆ పని చేసేది ఒక్క వాటా."

"పైవాటా."

"అదే."

"అంటే పెద్దకోడలే..."

ఆవిడ పెదవి విరిచింది. "పెద్దమ్మ మాట్లాడుతుంది సార్. కోసేది మాస్టారు. ఆవిడ మీటింగులకి వెళ్తుంది, శాలువాలు కప్పించుకుంటుంది. కత్తెర పట్టుకుని అరుగు మీద కూర్చుని ఒక్కొక్క బాటిలూ కడిగి, రింగు కోసి, మూత వేరుగా పెట్టేది ఆయన. అయిదేళ్ళుగా చూస్తున్నాను. తలెత్తకుండా, అలవాటుగా చేసుకుపోతాడు."

"ఈ సంగతి పోలీసులకి చెప్పారా?"

"డబ్బా నంబరు అడిగారు, చెప్పాను. కోత గురించి ఎవరడిగారు?"

"ఇంకో మాట. మందు బాటిల్ని మీ రూలు ప్రకారం ఏం చెయ్యాలి?"

"కడక్కూడదు. మూత తియ్యకూడదు. బిగించి ఎర్ర డబ్బాలో వెయ్యాలి. కడిగితే ఆ నీళ్ళు కాలవలోకి పోవూ? పెద్దమ్మయితే చచ్చినా ఈ తప్పు చెయ్యదు. మీటింగుల్లో చెప్పేదే ఆవిడ. మాస్టారికి రూల్సు రావు సార్. చేతికి కోత ఒక్కటే వచ్చు."

నేను కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ గోడల వైపు చూస్తూ తనంతట తనే అంది. "పాపం మాస్టారి బొమ్మలుండేవి ఈ గోడల నిండా. భలే ఉండేవి. మొన్న వేసవిలో ఒక బుధవారం పెద్దమ్మ ముప్పై ఎనిమిది కిలోల కాగితం ఇచ్చింది. వీధి రికార్డు. ఆ నెలే పేపరు వాళ్ళొచ్చారు. తూకం వేస్తుంటే చూశాను, అన్నీ బొమ్మలే. 'ఏడాదిగా ఎవరూ చూడనిది చెత్త కిందే లెక్క' అంది ఆవిడ. ఆయన ఆ గుమ్మంలో నిలబడే ఉన్నాడు. కట్టలు కిందికి దింపడానికి ఓ చెయ్యి కూడా వేశాడు."

"మూతలు," అన్నాను. "వేరు చేసిన మూతలు ఏం చేస్తారు?"

"వంటింటి తలుపు వెనక జాలీ సంచి. నెలాఖరు బుధవారం తీసుకెళ్తాను. ఇంకా వారం ఉంది."

సంచి అక్కడే వేలాడుతోంది. న్యూస్‌పేపరు మీద గుమ్మరించాను. నీలం మూతలు, తెల్ల మూతలు, ఒకటి రెండు ఎర్రవి. అన్నిటికంటే పైన, అంటే ఇప్పుడు అన్నిటికంటే అడుగున, ఒక పసుపు మూత. దాని మీద చిన్న పుర్రె బొమ్మ. పక్కనే కోసిన పసుపు రింగు. ముక్కు దగ్గర పెట్టుకోకుండానే మందు వాసన గుప్పుమంది.

మంగళవారం ఆరుంబావు నుంచి పెద్దకోడలు ఆసుపత్రిలో ఉంది. చిన్నకోడలు ఈ వాటా గడప తొక్కి ఏడాదైంది. తొమ్మిది తర్వాత ఈ వంటింట్లో ఉన్నది ఒక్క మనిషి. తన నేరం ఇంకొకరి డబ్బాలో వెయ్యబోతూ కూడా ముందు కడిగాడు, కోశాడు, మూత తీసుకెళ్ళి సంచిలో వేశాడు. అయిదేళ్ళు ఆవిడ చేయించిన చాకిరీ అతని చేతుల్లో అంతగా ఇంకిపోయింది.

నాకు మొదట కలిగింది ఆనందం. దాచుకోను. చిన్నకోడలు బయటపడింది, దానికంటే ముఖ్యంగా తోడల్లుడు ఓడిపోయాడు. ఒక్క ముప్పై సెకన్లు ఆ తీపి అనుభవించాను. ఆ తర్వాతే ఆ మెత్తటి గొంతు చెవిలో మోగింది. ఏం చెబుతుందంటారు?

చెప్పింది నేను. సాయంత్రానికి ఆవిడ మాట్లాడుతుందని చెప్పాను. గుమ్మం ముందు కాపలా లేదనీ నేనే చెప్పాను. ఆ కాపలా తీయించిందీ నేనే.

టైము చూశాను. నాలుగూ అయిదు.

"ఏమైంది సార్?" అంది బండి ఆవిడ. పసుపు మూత చూసి ఆవిడకీ అర్థమైంది. తొడుగున్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోబోయి ఆగిపోయింది.

ఆసుపత్రి నంబరు కలిపాను. బిజీ. మళ్ళీ కలిపాను. బిజీ. ఇక్కణ్ణుంచి ఆసుపత్రికి టాక్సీలో ఇరవై నిమిషాలు. తోడల్లుడు అప్పటికే స్టేషనుకి వెళ్ళిపోయాడు. స్టేషనుకీ ఆసుపత్రికీ మధ్య ఒక్క గోడ. రెండు నిమిషాల్లో ఆ గదిలో ఉండగలిగిన మనిషి ప్రపంచంలో అతనొక్కడే.

అతని నంబరు తెర మీదికి తెచ్చుకున్నాను. బొటనవేలు దాని మీద పెట్టాను.

నొక్కలేదు.

నొక్కితే ఆవిణ్ణి కాపాడింది అతనవుతాడు. రేపు పేపర్లో అతని ఫోటో. ఎల్లుండికల్లా మామగారి గోడ మీద అయిదో ఫ్రేము. "చిన్నల్లుడు సమయానికి వెళ్ళకపోతే ఆ తల్లి దక్కేదా!" అని మామగారు భోజనాల దగ్గర పదిసార్లు అంటారు, నా కంచం వైపు చూడకుండా. సాక్ష్యం నాది, తెలివి నాది, పేరు అతనిది. అలా ఎందుకవ్వాలి అనుకున్నాను. ఒక ఆడదాని ప్రాణం పోతుందేమోనన్న భయం ఒక పక్కన ఉండగానే, దాని పక్కనే కూర్చుని నేను ఇది అనుకున్నాను.

మూత రుమాల్లో కట్టుకుని మెట్లు దిగాను. టాక్సీ కోసం రోడ్డు మీదికి పరిగెత్తాను. మొదటిది ఆగలేదు. రెండోదాంట్లో మనుషులున్నారు. మూడోవాడు అటువైపు రానన్నాడు, నేను వాడితో వాదనకి దిగాను. బండి ఆవిడ నా వెనకే వచ్చి నా భుజం పట్టుకుని ఊపేసింది.

"ఆయనకి ఫోను చెయ్యండి సార్! బాబ్బాబు, ముందు ఫోను చెయ్యండి!"

చేశాను.

"చెప్పండన్నయ్యగారూ," అన్నాడు తోడల్లుడు తాపీగా. "చెత్తలో ఏమైనా దొరికిందా?"

"దొరికింది. మూత దొరికింది. పైవాటా వంటింట్లో. మందు కలిపింది మాస్టారు, తమ్ముడూ. ఇప్పుడు అక్కడికే వెళ్ళాడు. ఆవిడ మాట్లాడబోతోందని నేనే చెప్పాను. నువ్వు వెంటనే..."

అతను ఎగతాళి చెయ్యలేదు. ఒక్క ప్రశ్న అడగలేదు. కుర్చీ వెనక్కి పడిన చప్పుడు, తలుపు చప్పుడు, బూట్ల చప్పుడు. "లైన్లోనే ఉండండి," అన్నాడు పరిగెడుతూ. ఎవరినో గేటు దగ్గరికి పొమ్మని అరిచాడు. మెట్లు. వరండా. మళ్ళీ తలుపు. తర్వాత ఏ చప్పుడూ లేదు.

"తమ్ముడూ?"

అటువైపు ఒక నర్సు గొంతు సన్నగా వినపడుతోంది. తోడల్లుడు ఆవిణ్ణి ఏదో అడిగాడు, మళ్ళీ అడిగాడు. చివరికి ఫోను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

"మంచం ఖాళీగా ఉందన్నయ్యా. స్కానింగుకి తీసుకెళ్తానని వీల్‌చైర్లో కూర్చోబెట్టుకుని వెళ్ళాడట. స్కానింగు గదికి ఎవరూ రాలేదు. వీల్‌చైర్ వెనక గేటు దగ్గర ఉంది. అందులో ఎవరూ లేరు."

"ఎన్నింటికి తీసుకెళ్ళాడు?"

"నాలుగూ పదికి. నర్సు రిజిస్టర్లో రాసింది." అతని ఊపిరి ఇంకా కుదుటపడలేదు. "మీరు ఫోను చేసింది నాలుగూ పద్నాలుగుకి. మూత ఎప్పుడు దొరికింది?"

ఎదురుగా బండి ఆవిడ నన్నే చూస్తోంది. ఆవిడకి తెలుసు. అబద్ధం చెప్పడానికి వీల్లేదు.

"నాలుగూ అయిదుకి," అన్నాను.

ఇరవై రెండేళ్ళలో అతని గొంతులో నామీద కోపం విన్నాను, వెటకారం విన్నాను. ఇది రెండూ కాదు.

"ఆ తొమ్మిది నిమిషాలు మీరేం చేస్తున్నారన్నయ్యా?"